గ్యాస్ నింపిన ప్రతిసారీ బాగై, మళ్లీ చెడిన ఫ్రిజ్: ఒక ఫ్రాస్ట్ ఫ్రీ కేసు

"పైన ఐసు బాగానే కడుతోంది, కింద మాత్రం చల్లబడటం లేదు." ఫ్రిజ్ మెకానిక్‌గా నేను తరచుగా వినే ఫిర్యాదు ఇది. అనవసరమైన రిపేర్లకు ఎక్కువగా దారి తీసే ఫిర్యాదు కూడా ఇదే. ఈ కేసులో ఆ కుటుంబం నా దగ్గరకు వచ్చే సరికే రెండుసార్లు గ్యాస్ నింపించింది, చల్లదనాన్ని సర్దే రెగ్యులేటర్ మార్పించింది, స్టెబిలైజర్ కొంది. ప్రతి రిపేరు తర్వాతా కొన్నాళ్లు ఫ్రిజ్ బాగా పనిచేసింది. అలా బాగుపడటమే అందరినీ పక్కదారి పట్టించింది. ఈ రంగంలో కొత్తగా పని నేర్చుకుంటున్నవారికీ, ఇంట్లో ఫ్రిజ్ వాడేవారికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

కోస్తాలో ఒక పట్టణం. ఇంట్లో పెద్దావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఇంటిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఫ్రిజ్ కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే ఈ లోపం ఏ కంపెనీ ఫ్రిజ్‌కైనా రావచ్చు.

ఫ్రిజ్ రెండు తలుపులది, ఫ్రాస్ట్ ఫ్రీ రకం, అంటే లోపల కట్టే మంచును తనంతట తానే కరిగించుకునేది. పైన ఫ్రీజర్, కింద కూరగాయల అర. 250 లీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కొని ఏడేళ్లయింది. అందులోని గ్యాస్ ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఐసు ఎప్పుడు కరిగించాలో ఎలక్ట్రానిక్ బోర్డు కాకుండా చిన్న మోటారుతో తిరిగే టైమర్ నిర్ణయించే రకం. వంటగదిలో చోటు లేక హాల్లో గోడ మూలన పెట్టారు. పైన పూల గుడ్డ కవరు వేశారు. ఆ కవరు జేబులు రెండు పక్కలా వేలాడుతూ ఉంటాయి. వాటి నిండా బిల్లులు, కత్తెర, పిల్లల పెన్సిళ్లు.

పెద్దావిడకు మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటారు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు, ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా వాడకూడదు. మే నెలలో కోస్తా ఇళ్లలో గది వేడి ఎంత ఉంటుందో తెలిసిందే. ఆ ఇంట్లో ఫ్రిజ్ చెడిపోవడమంటే పాలు విరగడంతో ఆగే నష్టం కాదు.

సమస్య ఎలా మొదలైంది

మొదట గమనించింది కోడలు, అదీ ఇడ్లీ పిండి ద్వారా. ఆదివారం రుబ్బి, పులిశాక ఫ్రిజ్‌లో పెట్టిన పిండి గురువారం దాకా బాగుండేది. అది మంగళవారానికే పొంగి గిన్నె అంచు దాటుతోంది, నోట పెడితే పుల్లగా ఉంటోంది. ఇంటింటా ఉన్న నమ్మకమైన థర్మామీటరు ఇడ్లీ పిండే అని నా అభిప్రాయం. 4 డిగ్రీల దగ్గర దాని పులుపు చాలా నెమ్మదిస్తుంది, 12 దాటితే ఆగకుండా సాగుతుంది. ఆ తర్వాత పాలు విరిగాయి, కొత్తిమీర రెండు రోజులకే వడలిపోయింది. ఫ్రీజర్లో ఐసు మాత్రం గట్టిగానే ఉంది.

మొదట వచ్చిన మెకానిక్ ఓల్టేజి తక్కువని చెప్పి స్టెబిలైజర్ పెట్టించారు. తేడా రాలేదు. తర్వాత వేరొకరు గ్యాస్ తగ్గిందని ఫ్రిజ్‌ను షాపుకు తీసుకెళ్లి నింపి పంపారు. ఇంటికి వచ్చాక ఫ్రిజ్ అద్భుతంగా పనిచేసింది. మళ్లీ వేడెక్కుతుందేమోనన్న భయంతో వీళ్లు కింది అర రెగ్యులేటర్‌ను చివరిదాకా తిప్పి ఉంచారు. ఆ వారంలోనే పై షెల్ఫులో, చల్లగాలి వచ్చే రంధ్రాల ముందు పెట్టిన ఇన్సులిన్ గడ్డకట్టింది. మందుల షాపులో అడిగితే పారేయమన్నారు.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ పిండి పొంగింది. ఈసారి రెగ్యులేటర్ మార్చారు, ఫలితం లేదు. రెండోసారి గ్యాస్ నింపారు. మళ్లీ బాగైంది, మళ్లీ రెండు వారాలకు మొదటికొచ్చింది. ఇక కంప్రెసర్ మార్చాలని, లేదంటే కొత్తది కొనుక్కోవడమే మేలని చెప్పారు. "బాబూ, దీన్ని అమ్మేయమంటావా, ఉంచమంటావా? ఏదో ఒకటి తేల్చు" అని పెద్దావిడ అడిగారు.

పనిముట్టు తీయకముందు ఆలోచించింది

ఫ్రిజ్‌లో గ్యాస్ వాడుకలో ఖర్చయ్యేది కాదు. పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు వెతకకుండా గ్యాస్ నింపితే అది మళ్లీ పోతుంది. కాబట్టి "రెండు వారాలకోసారి చెడటం" అనే గుర్తు ఒక్కటే చూస్తే లీకు ఉందనిపించడం సహజం. ఈ వాదనలో బలం లేకపోలేదు.

అయితే నేను ఇంకో ప్రశ్న అడిగాను: గ్యాస్ నింపిన రోజున ఫ్రిజ్‌కు ఇంకా ఏమేం జరిగింది? కోడలు గుర్తుచేసుకుని చెప్పింది. ముందురోజు సాయంత్రమే సామాను ఖాళీ చేశారు, ప్లగ్ తీశారు. మర్నాడు ఆటోలో షాపుకు వెళ్లింది, ఆ రాత్రి అక్కడే ఉంది, ఆ మరుసటి రోజు వచ్చింది. రెండోసారీ అంతే. అంటే రెండుసార్లూ ఫ్రిజ్ ఒక రోజుకు పైగా కరెంటు లేకుండా ఉంది. లోపల ఐసు పేరుకుని ఉంటే అదంతా ఆ సమయంలో కరిగిపోయి ఉంటుంది. ఫ్రిజ్‌ను బాగుచేసింది గ్యాసా, విశ్రాంతా? రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఫలితం చూసి చెప్పలేం. రెగ్యులేటర్‌ను ఇంట్లోనే, ప్లగ్ కాసేపు తీసి మార్చారు. అప్పుడు ఏమాత్రం మార్పు రాలేదు. నా అనుమానం బలపడింది ఇక్కడే.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ అనుమానం ఎందుకో అర్థమవుతుంది. ఇలాంటి ఫ్రిజ్‌లో చల్లబరిచే కాయిల్ ఒక్కటే. అది ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఉంటుంది. చిన్న ఫ్యాన్ దాని మీదుగా గాలిని లాగి ఎక్కువ భాగం ఫ్రీజర్లోకి, కొంత భాగం ఒక గొట్టం దారి గుండా కిందికి పంపుతుంది. కింది అరకు సొంత చల్లదనం లేదు, పైనుంచి వచ్చే గాలే ఆధారం. తలుపు తీసినప్పుడల్లా లోపలికి వచ్చే తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచును కరిగించడానికి కాయిల్ కింద ఒక హీటరు ఉంటుంది. ఈ రకంలో సుమారు 8 నుంచి 12 గంటలకోసారి టైమర్ కంప్రెసర్‌ను ఆపి హీటరును వెలిగిస్తుంది. కాయిల్ మీద బిగించిన బైమెటల్ అనే స్విచ్, మంచు కరిగి కాయిల్ కాస్త వేడెక్కగానే హీటరును ఆపేస్తుంది. కరిగిన నీరు కాలువలోంచి వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి పోయి ఆవిరవుతుంది.

ఈ వరుసలో ఏ ఒక్కటి చెడినా కాయిల్ మంచుతో నిండిపోతుంది, గాలి దారి మూసుకుంటుంది. కాయిల్‌కు ఆనుకుని ఉన్న ఫ్రీజర్ చాలాకాలం చల్లగానే ఉంటుంది. కింది అర ముందు వేడెక్కుతుంది. ఈ ఇంట్లో జరిగింది అచ్చంగా అదే.

ముందు చూడాలి, తర్వాత కరిగించాలి

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒకటి: ఫ్రిజ్ ఖాళీ చేయించి, తలుపులు తెరిచి ఒక రోజు ఆపి, గ్యాస్ ముట్టకుండా మళ్లీ ఆన్ చేయడం. అప్పుడు బాగైతే గ్యాస్ దోషం కాదని తేలుతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంట్లోవారు ఎవరైనా చేసుకోవచ్చు. రెండోది: ఐసు ఉండగానే ప్యానెల్ విప్పి చూడటం. నేను రెండోదాన్నే ముందు ఎంచుకున్నాను. ఐసు కరిగితే దానితోపాటు సాక్ష్యమూ పోతుంది. మంచు కాయిల్ మీద ఎలా పరుచుకుందన్నది ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సమాచారం.

దానికి ముందు కొలతలు తీసుకున్నాను. తలుపు తీయగానే లోపలి గాలి వేడి మారిపోతుంది కాబట్టి గాలిని కొలిస్తే లాభం లేదు. ముందురోజు రాత్రే గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు వేసి మధ్య షెల్ఫులో పెట్టమని చెప్పాను. పొద్దున చూస్తే 14 డిగ్రీలు. ఫ్రీజర్లో మైనస్ 9. ఉండవలసింది కింద 4 దగ్గర, పైన మైనస్ 18 దగ్గర. వండినవాటిని 5 డిగ్రీల లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ ఫ్రిజ్‌లో నిన్నటి పప్పు, చేపల పులుసు దానికన్నా 9 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉన్నాయి.

ఫ్రిజ్ రెండు పక్కలా చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. ఈ మోడల్‌లో లోపలి వేడిని బయటకు వదిలే పైపులు పక్క గోడల్లోనే ఉంటాయి. అవి వెచ్చగా ఉన్నాయంటే గ్యాస్ తిరుగుతోంది, కంప్రెసర్ తోస్తోంది. కంప్రెసర్ మార్చమన్న సలహాను పక్కన పెట్టడానికి ఇది మొదటి కారణం. కవరు జేబులు కప్పినచోట వేడి బయటికి పోక ఎక్కువగా నిలిచి ఉంది. అది వేరే సంగతి, దాన్ని చివర్లో సరిచేశాం.

ఫ్రీజర్ వెనక ప్యానెల్ ఐసుకు అంటుకుపోయి ఉంది. ఇలాంటప్పుడు బలవంతంగా లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. వేడినీళ్లలో పిండిన గుడ్డను అంచుల వెంట అద్దుతూ నెమ్మదిగా విడదీశాను. లోపల కాయిల్ కనిపించలేదు. పైనుంచి కింది దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి మంచు దుప్పటి కప్పినట్టు ఉంది.

గ్యాస్ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. గ్యాస్ తక్కువైతే కాయిల్‌లో అది ప్రవేశించే మొదటి కొన్ని వరుసల మీదే మంచు కడుతుంది, మిగతా వరుసలు పొడిగా ఉండిపోతాయి. కాయిల్ మొత్తం సమానంగా మంచు పట్టిందంటే గ్యాస్ చివరిదాకా చేరుతోందన్నమాట. గ్యాస్ ఒత్తిడి చూపే గేజీ బిగించకుండా, పైపు కోయకుండా తేలిన సంగతి ఇది. ఇంటివాళ్లను పిలిచి చూపించాను. వేలల్లో ఖర్చు పెట్టినవారికి తమ డబ్బు ఎక్కడ పోయిందో కళ్లతో చూసే హక్కు ఉంది.

ఏ భాగం చెడింది

మంచు ఇంకా కరగక ముందే మరో పరీక్ష చేశాను. టైమర్ మీది గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి 'టక్' మని వినిపించేదాకా తిప్పితే ఫ్రిజ్ మంచు కరిగించే దశ అయిన డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. కంప్రెసర్ ఆగింది, అంటే టైమర్ స్విచ్ మారుతోంది. హీటరు మీద 180 వాట్లని ఉంది. అది వెలిగితే 230 ఓల్టుల దగ్గర సుమారు 0.8 ఆంపియర్లు లాగాలి. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో దాదాపు సున్నా. హీటరు దారి ఎక్కడో తెగింది. కాయిల్ గడ్డకట్టి ఉండగానే ఈ పరీక్ష చేయాలి. బైమెటల్ చల్లగా ఉన్నప్పుడే కలుస్తుంది, వేడెక్కితే మామూలుగానే విడిపోతుంది. ఐసు కరిగాక ఇదే పరీక్ష చేస్తే మంచి బైమెటల్ కూడా చెడినట్టే కనిపిస్తుంది.

తర్వాత ప్లగ్ తీసి ఐసు కరిగించాం. ఇన్సులిన్‌ను ఫ్లాస్కులో పెట్టి పక్కింటి ఫ్రిజ్‌కు పంపించాం. తలుపులు బార్లా తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఫ్రీజర్లో వేడినీళ్ల గిన్నె ఉంచి, కింద పాత గుడ్డలు పరిచాం. కత్తి, గరిటె, స్క్రూడ్రైవర్ దేనితోనూ ఐసును పొడవకూడదు. కాయిల్‌కు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. ఆర్-600ఏ మండే వాయువు కాబట్టి ప్రమాదమూ ఉంటుంది. హెయిర్ డ్రయర్ కూడా నేను వాడను. కారుతున్న నీళ్ల పక్కన కరెంటు వస్తువు చేతిలో పట్టుకోవడం నాకు నచ్చదు.

కరిగాక ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించాను. హీటరు 290 ఓముల దగ్గర చూపింది, బాగుంది. మంటలు రాకుండా కాపాడే థర్మల్ ఫ్యూజ్ కూడా బాగుంది. మిగిలింది బైమెటల్. దాన్ని పాలిథిన్ సంచిలో కట్టి, ఐసు ముక్కల్లో కల్లుప్పు కలిపిన గిన్నెలో పెట్టాను. ఉప్పు కలిస్తే ఆ మిశ్రమం మైనస్ 10 కన్నా దిగువకు పోతుంది. ఈ రకం బైమెటల్ మైనస్ 5, మైనస్ 7 ప్రాంతంలో కలవాలి. చాలాసేపు ఉంచినా కలవలేదు. చెడింది ఇదే. ఫ్రిజ్ మొత్తంలో చవకైన భాగాల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. బైమెటల్ దొరకనప్పుడు కొందరు దాని రెండు వైర్లనూ నేరుగా కలిపేస్తారు. ఫ్రిజ్ పనిచేస్తుంది, కస్టమర్ సంతోషిస్తారు. కానీ మంచు కరిగాక హీటరును ఆపేవారు ఉండరు. టైమర్ మారేదాకా అది కాలుతూనే ఉంటుంది. చుట్టూ ప్లాస్టిక్, థర్మోకోల్, పైపుల్లో మండే వాయువు. ఫ్యూజ్ ఉందిగదా అంటారు. ఫ్యూజ్ ఆఖరి రక్షణ, రోజువారీ స్విచ్ కాదు. సరైన విడిభాగం వచ్చేదాకా రెండు రోజులు ఫ్రిజ్ ఆపి ఉంచమనడం నాకు తేలిక, వైరు కలపడం తేలిక కాదు.

హీటరు, ఫ్యూజ్, టైమర్ అన్నీ ఒకేసారి మార్చేద్దామని కొడుకు అడిగాడు. వద్దన్నాను. బాగున్నవాటిని మార్చితే ఖర్చు పెరగడం ఒకటి, నాలుగూ కలిపి మార్చాక సమస్య మళ్లీ వస్తే ఎక్కడ వెతకాలో తెలియకపోవడం రెండోది. గ్యాస్ విషయంలో ఈ ఇంటికి జరిగిన నష్టం సరిగ్గా ఇలాంటిదే: రెండు పనులు ఒకేసారి జరిగి, ఫలితం తప్పు పని ఖాతాలో పడింది.

ఇంకా మిగిలి ఉన్న సమస్య

కొత్త బైమెటల్ వేశాక, టైమర్ తిప్పితే మీటరు 0.8 దగ్గర నిలిచింది. కాలువలో వేడినీళ్లు పోస్తే కింది ట్రేలోకి దిగాయి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే అన్ని వైపులా పట్టి ఆగింది. మర్నాటికి గ్లాసులోని నీరు 5 డిగ్రీలకు వచ్చింది. నెల దాటినా పిండి పొంగలేదు.

కానీ వానలు మొదలయ్యాక కూరగాయల డబ్బా కింద నీళ్లు చేరుతున్నాయని కబురొచ్చింది. చల్లదనం బాగానే ఉంది. విప్పి చూస్తే కాయిల్ శుభ్రంగా ఉంది. దాని అడుగున, కాలువ నోటి మీద మాత్రం గాజులాంటి ఐసు పలక ఉంది. డీఫ్రాస్ట్ తన పని తాను చేస్తోంది. కరిగిన నీరు కాలువలోకి పోయేలోపే మళ్లీ గడ్డకట్టి, పొంగి, లోపలి గోడ వెంట కిందికి కారుతోంది. ఒక్కో విడతలో కరిగే నీరు ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉంది. అంటే తేమ ఎక్కడినుంచో అదనంగా వస్తోంది.

తలుపు రబ్బరును మళ్లీ పరీక్షించాను. ఈసారి ఫ్రీజర్ ఎలా ఉందో అలాగే, నిండుగా ఉంచి. కింది మూల దగ్గర కాగితం జారి చేతికి వచ్చేసింది. ఖాళీ ఫ్రీజర్‌తో గట్టిగా మూసుకున్న తలుపు, నిండు ఫ్రీజర్‌తో మూసుకోవడం లేదు. కారణం ఒక స్టీలు డబ్బా. ఆదివారం చేపలు, రొయ్యలు తెచ్చి, శుభ్రం చేసి ఆ పెద్ద డబ్బాలో పెడతారు. దాని మూత అంచు తలుపు లోపలి అరకు తగిలి, తలుపు వెంట్రుకవాసి తెరిచే ఉంటోంది. ఎప్పుడూ అలా ఎడంగా ఉండి ఉండి ఆ మూల రబ్బరు గట్టిపడిపోయింది. రాత్రి దీపాలు ఆర్పి, వెలిగించిన ఫోన్ టార్చిని ఫ్రీజర్లో పెట్టి మూస్తే ఆ మూలలోంచి సన్నని వెలుగు గీత కనిపించింది. ఇంటివాళ్లు నమ్మింది ఆ గీతను చూశాకే.

రబ్బరును వేడినీళ్ల గుడ్డతో కాపి ఆకారానికి తేవడానికి ప్రయత్నించాను. ఆవకాయ నూనె అంటిన రబ్బర్లు, మడతపడ్డ కొత్త రబ్బర్లు ఇలా కాపితే చాలాసార్లు దారికొస్తాయి. ఇది రాలేదు. కొత్త రబ్బరు వేయవలసి వచ్చింది. కాలువను సిరంజితో వేడినీళ్లు కొట్టి పూర్తిగా కడిగాను. ఫ్రిజ్ ముందు కాళ్లను కొద్దిగా ఎత్తాను, సగం తెరిచి వదిలితే తలుపు తనంతట తానే మూసుకునేలా.

పెద్ద డబ్బా స్థానంలో చేపలను ఒక పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా, పలచగా పరిచి పెట్టడం మొదలుపెట్టారు. పలచటి పొట్లం త్వరగా గడ్డకడుతుంది, ఫ్రిజ్ కింది అరలోనే కరుగుతుంది, మిగిలినది మళ్లీ గడ్డకట్టించే అవసరం ఉండదు. ఈ సంగతి నేను చెప్పక ముందే కోడలు గ్రహించింది.

రెగ్యులేటర్ల గందరగోళం

ఈ కేసులో ఇంకో పొర ఉంది. ఫ్రిజ్‌లో రెండు నాబ్‌లు ఉన్నాయి, ఒకటి కింది అరలో, ఇంకొకటి ఫ్రీజర్లో. రెండోసారి చెడ్డప్పుడు వీళ్లు రెండిటినీ గరిష్ఠానికి తిప్పారు. ఎక్కువ తిప్పితే ఎక్కువ చల్లదనం వస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఈ తరహా ఫ్రిజ్‌లో ఫ్రీజర్ నాబ్ చల్లదనాన్ని పెంచదు, పంచుతుంది. లోపల ఒక చిన్న రేకును కదిపి, గాలి పైన ఎంత ఉండాలో, కిందికి ఎంత పోవాలో నిర్ణయిస్తుంది. గరిష్ఠానికి తిప్పితే కిందికి పోయే దారి సన్నబడుతుంది. అసలే మంచుతో మూసుకున్న దారిని వీళ్లు మేలు కోరే ఇంకాస్త మూశారు. నెలల తరబడి ఇంట్లో ఉన్న మనుషులకు ఆ నాబ్ ఏం చేస్తుందో చెప్పినవారు లేరు. నాబ్ మీద అంకెలు తప్ప వివరం ఉండదు.

రెండిటినీ మధ్యలో పెట్టాను. ఏదైనా మార్చాలనిపిస్తే ఒక్కదాన్ని, ఒక్క గీత మేర తిప్పి, ఒక రోజు ఆగి గ్లాసులో థర్మామీటరు చూడమన్నాను.

ఇన్సులిన్ విషయానికి వస్తే, మొదటిసారి అది గడ్డకట్టడానికి చోటే కారణం. ఐసు కరిగి దారి తెరుచుకున్న ఫ్రిజ్‌లో, గరిష్ఠానికి తిప్పిన రెగ్యులేటర్‌తో, గాలి రంధ్రం ముందు సున్నాకన్నా దిగువకు పోవడం మామూలే. అదే గంటలో కూరగాయల డబ్బా 6 డిగ్రీల దగ్గర ఉండవచ్చు. తలుపు అరలు మాటిమాటికీ వేడెక్కుతాయి. అందుకని మధ్య షెల్ఫులో, వెనక గోడకు తగలకుండా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించాను. పక్కనే థర్మామీటరు గ్లాసు శాశ్వతంగా ఉండిపోయింది. రోజూ పొద్దున దాన్ని చూడటం పెద్దావిడ తన పనిగా పెట్టుకున్నారు.

ఈ కేసు నుంచి తోటివారికి చెప్పదలచింది

రిపేరు తాత్కాలికంగా పనిచేసినప్పుడు, ఆ రిపేరు రోజున ఇంకేం జరిగిందో అడగాలి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను ఒక రోజు ఆపితే చాలు, డీఫ్రాస్ట్ లోపం కొన్నాళ్లపాటు మాయమవుతుంది. ఆ రోజున గ్యాస్ నింపితే గ్యాస్‌కు, బోర్డు మారిస్తే బోర్డుకు పేరు వస్తుంది. ముందు పనిచేసిన మెకానిక్‌లు మోసం చేశారని నేను అనుకోవడం లేదు. వాళ్లు తాము చేసిన పని ఫలితాన్ని కళ్లారా చూశారు, అందుకే నమ్మారు.

గ్యాస్ పైపును తెరవడం ఆఖరి పని కావాలి. తెరిచిన ప్రతిసారీ గాలి, తేమ లోపలికి పోయే అవకాశం ఉంటుంది, ఫిల్టర్ మార్చాలి, పైపుల్లోని గాలినంతా లాగేసి వాక్యూమ్ చేయాలి. ఆర్-600ఏ ఇలాంటి ఫ్రిజ్‌లో కొన్ని పదుల గ్రాములే పడుతుంది. త్రాసు మీద తూచి నింపాలి తప్ప అంచనాతో కాదు. పది గ్రాముల తేడా కూడా ఫ్రిజ్ నడకను మార్చేస్తుంది. గ్యాస్ ఉన్న పైపు మీద మంట పెట్టడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ ఫ్రిజ్‌లో రెండుసార్లు నింపిన గ్యాస్ సరైన మోతాదులో ఉందా అని నేను కూడా ఆలోచించాను. బైమెటల్ వేశాక ఫ్రీజర్ మైనస్ 18కి దిగింది, కాయిల్ సమానంగా మంచు పట్టింది, కంప్రెసర్ లాగే కరెంటు ఫ్రిజ్ వివరాల పలక మీది అంకెను దాటలేదు, అతుకుల దగ్గర సబ్బు నురగ బుడగ కట్టలేదు. కాబట్టి ముట్టలేదు.

ఇంట్లోవారు గుర్తుంచుకోవలసింది తలుపు రబ్బరు. వారానికోసారి సబ్బునీళ్ల గుడ్డతో మడతల్లో కూడా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెడితే ఏళ్లపాటు మెత్తగా ఉంటుంది. కాగితం పరీక్షను ఫ్రిజ్ రోజూ ఎంత నిండుగా ఉంటుందో అంత నిండుగా ఉన్నప్పుడే చేయాలి. కవరు జేబులు తీసేయించి, గోడకు, ఫ్రిజ్ పక్కలకు మధ్య అరచేయి పట్టేంత ఎడం ఇప్పించాను. ఇక కరెంటు పోయినప్పుడు తలుపు తీసి తీసి చూడకూడదు. మూసి ఉంచితే కింది అర సుమారు 4 గంటలు, నిండు ఫ్రీజర్ ఒక రోజుకు మించి చల్లదనాన్ని నిలుపుకుంటుంది.

టైమర్ మాత్రం ఏడేళ్ల నాటిదే. పనిచేస్తోంది కాబట్టి మార్చలేదు, కానీ దాని లోపలి పళ్లు అరగడం మామూలే. అరిగితే రెండు రకాలుగా ఆగవచ్చు. డీఫ్రాస్ట్‌లో ఆగితే కంప్రెసర్, ఫ్యాన్ చప్పుడు గంటల తరబడి వినిపించదు. చల్లబరిచే దశలో ఆగితే మంచు పేరుకుని, ఫ్యాన్ రెక్కలకు ఐసు తగిలి గరగరమనే శబ్దం వస్తుంది, తర్వాత రంధ్రాల దగ్గర గాలి సన్నబడుతుంది. ఈ రెండు గుర్తులనూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ పక్కన గోడకు అంటించి వచ్చాను. కింద ఇంకో వాక్యం కూడా రాశాను: ఎవరు వచ్చినా ముందు ఫ్రీజర్ వెనక ప్యానెల్ విప్పి చూపించమనండి, ఆ తర్వాతే గ్యాస్ మాట.